పులిసిన అంబలి, చర్మ అలర్జీ: బస్తర్ ఆహార సంప్రదాయం ముందున్న శాస్త్రీయ ప్రశ్న

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగాన ఉన్న బస్తర్ ప్రాంతంలో వేసవి రోజుల్లో పొలానికి, అడవికి వెళ్లేవారి భుజాన ఎండిన సొరకాయ బుర్ర ఒకటి వేలాడుతుంటుంది. అందులో ఉండేది పుల్లని రాగి జావ. స్థానికులు దానిని ‘మండియా పేజ్’ అని పిలుస్తారు. దాహాన్ని తీర్చి, ఆకలిని ఆపి, ఎండ తాకిడి నుంచి కాపాడే ఆహారంగా తరతరాలుగా దానికి పేరుంది. ఇటీవలి సంవత్సరాలలో ఇటువంటి పులిసిన ఆహారాలకు మరొక గుణాన్ని కూడా ఆపాదిస్తున్నారు. వాటిలోని మేలు చేసే బ్యాక్టీరియా చర్మ అలర్జీని, ముఖ్యంగా పిల్లలలో కనిపించే దురదతో కూడిన చర్మశోథను తగ్గిస్తుందన్నది ఆ ప్రచారం.

ఈ ప్రచారానికి ఆధారం బొత్తిగా లేకపోలేదు. పులిసిన ఆహారాల నుంచి వేరు చేసిన కొన్ని బ్యాక్టీరియాలపై వివిధ దేశాలలో పరీక్షలు జరిగాయి. కొన్నింటిలో ఆశాజనకమైన ఫలితాలు వచ్చాయి. అయితే ప్రయోగశాలలో పేరు, సంఖ్య పెట్టి పరీక్షించిన ఒక బ్యాక్టీరియాకూ, ఇంటి కుండలో తనంతట తాను పులిసిన జావకూ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరాన్ని గుర్తించకపోతే సరైన వైద్యం అందవలసిన పిల్లలకు ఆలస్యం జరుగుతుంది. మరోవైపు, విలువైన ఆహార సంప్రదాయం అతిశయోక్తుల పాలవుతుంది.

బస్తర్‌తో తెలుగువారి అనుబంధం

ఒకప్పటి ఉమ్మడి బస్తర్ జిల్లా విస్తీర్ణం 39,000 చదరపు కిలోమీటర్లకు పైగా ఉండేది. అది కేరళ రాష్ట్రం కంటే పెద్దది. 1998లో కాంకేర్, దంతెవాడ జిల్లాలు, 2007లో నారాయణ్‌పూర్, బీజాపూర్ జిల్లాలు, 2012లో కొండగావ్, సుక్మా జిల్లాలు ఏర్పడటంతో నేడు బస్తర్ డివిజన్‌లో 7 జిల్లాలున్నాయి. మురియా, మాడియా, హల్బా, భత్రా, ధుర్వా, దోర్లా మొదలైన ఆదివాసీ సమూహాలకు ఇది నివాసం.

బస్తర్ రాజవంశ మూలపురుషుడు అన్నమదేవుడు ఓరుగల్లు కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడని సంప్రదాయం చెబుతుంది. సుక్మా జిల్లాలోని కుంట, బీజాపూర్ జిల్లాలోని భోపాలపట్నం ప్రాంతాలలో తెలుగు నేటికీ వినిపిస్తుంది. దోర్లాలు గోదావరి లోయలోని కోయలకు దగ్గరి బంధువులు. బస్తర్ నుంచి వచ్చే ఇంద్రావతి, శబరి నదులు రెండూ గోదావరిలోనే కలుస్తాయి. ఆహారంలోనూ ఈ సామీప్యం స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి మండియా పేజ్‌కు ఉత్తరాంధ్ర చోడి అంబలి, అక్కడి ‘బోరే బాసి’కి మన చద్దన్నం, అక్కడి సల్ఫీకి ఏజెన్సీ ప్రాంతపు జీలుగు కల్లు సరిసమానమైనవి. కాబట్టి బస్తర్ కుండ గురించి అడిగే ప్రశ్న తెలుగు ఇళ్లలోని కుండలకూ వర్తిస్తుంది.

నాలుగు పానీయాలు, నాలుగు పద్ధతులు

మండియా పేజ్ తయారీలో ముందుగా రాగి పిండిని నీటిలో కలిపి రాత్రంతా నానబెడతారు. తెల్లవారేసరికి అది పులుస్తుంది. మరునాడు కొద్దిపాటి బియ్యాన్ని ఎక్కువ నీటిలో ఉడికించి, పులిసిన పిండిని అందులో పోసి మళ్లీ ఉడికిస్తారు. చల్లారిన తరువాత తాగుతారు.

బోరే బాసి తయారీ ఇంకా సులభం. రాత్రి వండిన అన్నంలో నీరు పోసి ఉంచి, ఉదయం ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో తింటారు. ఇది ఛత్తీస్‌గఢ్ అంతటా ఉన్న అలవాటు. 2022లో అప్పటి రాష్ట్ర ప్రభుత్వం మే 1వ తేదీన, శ్రామిక దినోత్సవం సందర్భంగా, బోరే బాసి తినాలని ప్రజలకు పిలుపునిచ్చింది. అన్నాన్ని, గంజిని కుండలో రోజుల తరబడి పులియబెట్టే తరవాణి కోస్తాంధ్ర పల్లెలలో ఒకనాడు ఇంటింటా ఉండేది. ఒడిశాలో ఇటువంటి ఆహారాన్నే పఖాళ అంటారు.

మూడవది లాందా. బియ్యపు పిండిని ఆవిరిపై ఉడికించి, చల్లార్చి, మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యపు పిండిని కలిపి, నీటితో కుండలో కొన్ని రోజులు ఉంచుతారు. మొలకలలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. సంతలలో అమ్మే ఈ పానీయం పుల్లగా, తియ్యగా ఉండి మత్తునిస్తుంది. నాలుగవది సల్ఫీ. ఇది జీలుగు చెట్టు నుంచి గీసే రసం. దింపిన వెంటనే తియ్యగా ఉండి, గంటలు గడిచేకొద్దీ పులిసి మత్తు పానీయమవుతుంది.

ఈ నాలుగింటికీ మధ్య ఒక ముఖ్యమైన తేడా ఉంది. పేజ్‌లో పులిసిన పిండిని తిరిగి ఉడికిస్తారు. లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా ఆ వేడిని తట్టుకోలేదు. పులుపు మిగులుతుంది, పులియడం వల్ల వచ్చిన పోషక విలువ మిగులుతుంది, కానీ పులియబెట్టిన జీవులలో అత్యధిక భాగం చనిపోతాయి. బోరే బాసి, చద్దన్నం, తరవాణి వంటి వాటిని మళ్లీ వేడి చేయరు కాబట్టి అవి తినే సమయానికి కూడా సజీవ బ్యాక్టీరియాతో ఉంటాయి. లాందా, సల్ఫీలలోనూ సజీవ సూక్ష్మజీవులుంటాయి, కానీ వాటితో పాటు ఆల్కహాలు కూడా ఉంటుంది. పులిసిన ఆహారాలన్నీ ఒకే రకంగా మేలు చేస్తాయన్న మాట ఇక్కడే నిలబడదు.

కుండలో జరిగేది ఏమిటి

ధాన్యంపైన, నీటిలో, కుండ గోడలపై, గాలిలో ఉండే సూక్ష్మజీవులు నానిన పిండిలో పెరగడం ప్రారంభిస్తాయి. మొదట అనేక రకాలు పోటీ పడతాయి. క్రమంగా లాక్టిక్ ఆమ్లాన్ని ఉత్పత్తి చేసే బ్యాక్టీరియా పైచేయి సాధిస్తుంది. ఆమ్లత పెరిగేకొద్దీ హాని చేసే అనేక బ్యాక్టీరియాల పెరుగుదల మందగిస్తుంది. శీతలీకరణ యంత్రాలు లేని కాలంలో ఆహారాన్ని నిలువ చేసుకోవడానికి మనిషి కనుగొన్న ఉపాయాలలో ఇది ఒకటి.

పోషక పరంగానూ దీనికి ప్రయోజనం ఉంది. రాగులలో 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. అయితే ధాన్యంలోని ఫైటిక్ ఆమ్లం కాల్షియం, ఇనుము, జింకులను పట్టి ఉంచి శరీరానికి పూర్తిగా అందకుండా చేస్తుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం ఈ ఫైటిక్ ఆమ్లాన్ని తగ్గిస్తాయి. పోషకాహార లోపం తీవ్రంగా ఉన్న ఆదివాసీ ప్రాంతాలలో ఈ గుణం చిన్నది కాదు. చర్మ అలర్జీతో నిమిత్తం లేకుండానే పేజ్‌కు గౌరవనీయమైన స్థానం ఉందని చెప్పడానికి ఇది చాలు.

ప్రోబయోటిక్ అంటే

పెరుగు, పులిసిన పాలలోని బ్యాక్టీరియా ఆరోగ్యానికి మేలు చేస్తుందన్న ఆలోచనకు 20వ శతాబ్దం తొలి దశకంలో శాస్త్రీయ రూపమిచ్చినవాడు నాటి రష్యా సామ్రాజ్యంలో పుట్టి పారిస్‌లో పనిచేసిన ఈల్యా మెచ్నికోవ్. రోగనిరోధక శక్తిపై చేసిన కృషికి ఆయనకు 1908లో నోబెల్ బహుమతి లభించింది. 2001లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థలు ఏర్పాటు చేసిన నిపుణుల సమావేశం ప్రోబయోటిక్‌కు నిర్వచనమిచ్చింది. తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు కలిగించే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్‌లు అన్నది దాని సారాంశం.

ఈ నిర్వచనంలో మూడు షరతులున్నాయి. జీవి సజీవంగా ఉండాలి, మోతాదు తెలియాలి, మేలు రుజువు కావాలి. ఈ కొలతతో చూస్తే పులిసిన ప్రతి ఆహారమూ ప్రోబయోటిక్ కాదు. ప్రోబయోటిక్‌లపై పనిచేసే అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం 2021లో ప్రకటించిన ఏకాభిప్రాయ పత్రంలో ఈ రెండు పదాలను ఒకదానికొకటి పర్యాయపదాలుగా వాడరాదని స్పష్టం చేసింది. చనిపోయిన సూక్ష్మజీవులు లేదా వాటి భాగాలు మేలు చేస్తాయని రుజువైతే వాటిని ‘పోస్ట్‌బయోటిక్’ అనాలని అదే ఏడాది మరొక నిర్వచనం ఇచ్చింది. ఉడికించిన పేజ్ గురించి ఎప్పుడైనా పరిశోధన సాగితే అది ఈ రెండవ కోవలోకి వస్తుంది.

మరొక ముఖ్యాంశం ‘స్ట్రెయిన్’. ఒకే జాతి బ్యాక్టీరియాలోనూ వేర్వేరు వంశాలుంటాయి. వరి అంతా వరే అయినా మసూరికీ బాసుమతికీ గుణాలు వేరైనట్లే, ఒకే జాతికి చెందిన రెండు స్ట్రెయిన్‌లు శరీరంలో వేర్వేరుగా ప్రవర్తించవచ్చు. అందుకే పరిశోధకులు జాతి పేరుతో సరిపెట్టకుండా అక్షరాలు, అంకెలతో స్ట్రెయిన్‌ను గుర్తిస్తారు. 2020లో లాక్టోబాసిల్లస్ అనే పెద్ద ప్రజాతిని శాస్త్రవేత్తలు 25 ప్రజాతులుగా విభజించారు. దానితో అనేక బ్యాక్టీరియాల పేర్లు మారాయి. పాత పేర్లు, కొత్త పేర్లు రెండూ నేడు వాడుకలో కనిపిస్తాయి.

అటోపిక్ డెర్మటైటిస్ ఎటువంటి వ్యాధి

అలర్జీ స్వభావం గల చర్మశోథలలో ముఖ్యమైనది అటోపిక్ డెర్మటైటిస్. సాధారణ వ్యవహారంలో ఎగ్జిమా అంటారు. తెలుగునాట దీనిని తామర అని పిలవడం కూడా ఉంది. అయితే ఫంగస్ వల్ల వచ్చే, గుండ్రని మచ్చలుగా వ్యాపించే అంటువ్యాధినీ తామర అనే అంటారు. ఈ రెండూ వేర్వేరు వ్యాధులు. అటోపిక్ డెర్మటైటిస్ అంటువ్యాధి కాదు.

సంపన్న దేశాలలో పిల్లలలో 20 శాతం వరకూ దీని బారిన పడుతున్నారని అంచనా. పసిపిల్లలలో బుగ్గలు, నుదురు ఎర్రబడి చెమ్మగిల్లడంతో మొదలవుతుంది. పెద్ద పిల్లలలో మోచేతుల మడతలు, మోకాళ్ల వెనుక భాగం, మెడ, మణికట్టుల వద్ద చర్మం పొడిబారి, మందమై, తీవ్రమైన దురద పుడుతుంది. కుటుంబంలో ఆస్తమా, తుమ్ముల జబ్బు ఉన్నవారికి ముప్పు ఎక్కువ.

దీనికి మూలం రెండు చోట్ల ఉంది. చర్మపు పై పొర బలహీనపడటం ఒకటి. ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్‌కు సంబంధించిన జన్యువులోని లోపాలకు ఈ వ్యాధితో సంబంధం ఉందని 2006లో వెల్లడైంది. గోడకు బీటలు పడినట్లు, అటువంటి చర్మం నుంచి తేమ బయటికి పోతుంది, అలర్జీ కారకాలు లోపలికి వస్తాయి. రెండవది రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం. సహాయక టి కణాలలో రెండవ రకం చురుకై, శోథను పెంచే రసాయన సంకేతాలను విడుదల చేస్తుంది. స్టెఫిలోకాకస్ ఆరియస్ అనే బ్యాక్టీరియా దెబ్బతిన్న చర్మంపై స్థిరపడి పరిస్థితిని మరింత దిగజారుస్తుంది.

పేగుకూ చర్మానికీ సంబంధం

చర్మవ్యాధికి నోటి ద్వారా తీసుకునే బ్యాక్టీరియా ఎలా పనిచేస్తుందన్న సందేహం సహజమే. రోగనిరోధక కణాలలో పెద్ద భాగం పేగుల గోడలలోనే ఉంటుంది. పుట్టిన తొలి నెలల్లో పేగులలో చేరే సూక్ష్మజీవులు, దేనికి స్పందించాలో దేనిని సహించాలో ఆ కణాలకు నేర్పుతాయి. 1989లో బ్రిటన్ పరిశోధకుడు డేవిడ్ స్ట్రాచన్ 17,000 మందికి పైగా పిల్లల వివరాలను పరిశీలించి, తోబుట్టువులు ఎక్కువగా ఉన్న ఇళ్లలోని పిల్లలకు అలర్జీ తుమ్ములు, ఎగ్జిమా తక్కువగా ఉన్నట్లు గుర్తించారు. బాల్యంలో సూక్ష్మజీవుల సంపర్కం తగ్గడమే అలర్జీలు పెరగడానికి ఒక కారణం కావచ్చన్న ఊహ అక్కడి నుంచి బలపడింది.

మేలు చేసే బ్యాక్టీరియా, పీచు పదార్థాలను విడగొట్టినప్పుడు ఏర్పడే చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలు, నియంత్రక టి కణాలను ప్రోత్సహించి అతి స్పందనను అదుపు చేయవచ్చని జంతువులపై ప్రయోగాలు సూచిస్తున్నాయి. ఇది సిద్ధాంతం. మనుషులలో జరిగిన పరీక్షలు దానికి ఎంతవరకు మద్దతునిచ్చాయన్నదే అసలు ప్రశ్న.

పరీక్షలలో తేలినది

ఈ రంగంలో మైలురాయిగా పేర్కొనదగిన అధ్యయనం ఫిన్లండ్‌లోని తుర్కు నగరంలో జరిగింది. 2001లో లాన్సెట్ పత్రికలో దాని ఫలితాలు వెలువడ్డాయి. అలర్జీ చరిత్ర గల కుటుంబాలలోని గర్భిణులకు ప్రసవానికి కొన్ని వారాల ముందు నుంచి, తరువాత 6 నెలల పాటు తల్లికి లేదా బిడ్డకు లాక్టోబాసిల్లస్ జీజీ అనే స్ట్రెయిన్ ఇచ్చారు. రెండేళ్ల వయసుకు 132 మంది పిల్లలను పరిశీలించగా, బ్యాక్టీరియా అందుకున్న వర్గంలో 23 శాతం మందికి, ఉత్తుత్తి మందు అందుకున్న వర్గంలో 46 శాతం మందికి ఎగ్జిమా కనిపించింది. ఈ స్ట్రెయిన్ పులిసిన ఆహారం నుంచి వచ్చినది కాదు. 1980వ దశకంలో ఆరోగ్యవంతుడైన మనిషి పేగు నుంచి వేరు చేసినది.

ఏడేళ్ల తరువాత, 2008లో, జర్మనీలో అదే స్ట్రెయిన్‌తో జరిగిన అధ్యయనం భిన్నమైన ఫలితాన్నిచ్చింది. 94 మంది పిల్లలలో బ్యాక్టీరియా అందుకున్నవారిలో 28 శాతానికి, అందుకోనివారిలో 27.3 శాతానికి ఎగ్జిమా వచ్చింది. అంటే తేడా లేదు. అదే సంవత్సరం న్యూజిలాండ్ పరిశోధకులు రెండు వేర్వేరు బ్యాక్టీరియాలను పోల్చి చూశారు. హెచ్ఎన్001 అనే స్ట్రెయిన్ రెండేళ్ల వయసుకు ఎగ్జిమా ముప్పును సుమారు సగానికి తగ్గించగా, హెచ్ఎన్019 అనే మరొక రకం ప్రభావం చూపలేదు. బ్యాక్టీరియా మారితే ఫలితం మారుతుందనడానికి ఇది నిదర్శనం.

పులిసిన ఆహారం నుంచి వచ్చిన బ్యాక్టీరియా విషయంలో దక్షిణ కొరియా ముందుంది. అక్కడి జాతీయ ఆహారమైన కిమ్చి, అంటే పులియబెట్టిన క్యాబేజీ, ముల్లంగి వంటి కూరగాయల నుంచి అనేక స్ట్రెయిన్‌లను వేరు చేశారు. వాటిలో సీజేఎల్‌పీ133 అనే లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ స్ట్రెయిన్‌ను అటోపిక్ డెర్మటైటిస్ ఉన్న పిల్లలకు 12 వారాల పాటు ఇచ్చి, 2012లో ఫలితాలు ప్రకటించారు. వ్యాధి తీవ్రతను కొలిచే స్కోరాడ్ సూచీ ఉత్తుత్తి మందు తీసుకున్నవారితో పోలిస్తే తగ్గింది. కిమ్చి నుంచే తీసిన వైసెల్లా సిబేరియా వికిమ్28 అనే స్ట్రెయిన్ ఎలుకలలో చర్మపు గాయాలను తగ్గించిందని, నియంత్రక టి కణాలను పెంచిందని 2017లో మరొక అధ్యయనం తెలిపింది. ఎలుకలలో వచ్చిన ఫలితం మనిషికి యథాతథంగా వర్తించదన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం.

విడివిడి అధ్యయనాలను ఒక్కచోట చేర్చి తూకం వేసే కొక్రేన్ సమీక్ష 2018లో వెలువడింది. 2,599 మంది పాల్గొన్న 39 పరీక్షలను అది పరిశీలించింది. ఇప్పటికే ఎగ్జిమా ఉన్నవారిలో ప్రోబయోటిక్‌ల వల్ల రోగులు లేదా తల్లిదండ్రులు గుర్తించే లక్షణాలలో తేడా బహుశా స్వల్పమేనని, లేదా ఉండకపోవచ్చని తేల్చింది. 103 పాయింట్ల స్కోరాడ్ సూచీలో సగటున 4 పాయింట్ల లోపు తగ్గుదల కనిపించింది. రోగికి ఉపశమనం తెలియాలంటే సుమారు 8.7 పాయింట్ల మార్పు అవసరమని నిపుణుల అంచనా.

నివారణ విషయంలో పరిస్థితి కొంత మెరుగు. అలర్జీ ముప్పు అధికంగా ఉన్న కుటుంబాలలో గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, శిశువులకు ప్రోబయోటిక్‌లు ఇవ్వడాన్ని పరిశీలించవచ్చని ప్రపంచ అలర్జీ సంస్థ 2015లో షరతులతో సూచించింది. ఆ సూచనకు ఆధారమైన సాక్ష్యం నాణ్యత చాలా తక్కువని కూడా అదే పత్రంలో పేర్కొంది. వచ్చిన వ్యాధిని నయం చేయడం, రాకుండా నివారించడం రెండూ వేర్వేరు విషయాలు. ప్రచారంలో ఈ తేడా తరచూ మరుగున పడుతోంది.

మన దేశపు కుండలపై అధ్యయనాలు

తూర్పు, మధ్య భారతదేశపు ఆదివాసీ పానీయాలపై శాస్త్రీయ ఆసక్తి పెరుగుతోంది. పశ్చిమ బెంగాల్‌లోని విద్యాసాగర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అక్కడి బియ్యపు పానీయం ‘హరియా’ను అధ్యయనం చేశారు. దాని నుంచి లాక్టోబాసిల్లస్ ఫెర్మెంటమ్ కేకేఎల్1 అనే స్ట్రెయిన్‌ను వేరు చేసి, ఆమ్లాన్ని, పిత్త రసాలను తట్టుకునే శక్తి వంటి ప్రోబయోటిక్ లక్షణాలను పరీక్షించారు. భువనేశ్వర్‌లోని ఎయిమ్స్ పరిశోధకులు పఖాళ నీటిలోని చిన్న గొలుసు కొవ్వు ఆమ్లాలపై దృష్టి సారించారు. సిక్కిం విశ్వవిద్యాలయంలో జ్యోతిప్రకాశ్ తమాంగ్ హిమాలయ ప్రాంతపు పులిసిన ఆహారాలపై దశాబ్దాలుగా కృషి చేశారు.

ఇవన్నీ తొలి మెట్లు. ఒక కుండ నుంచి చికిత్స దాకా వెళ్లాలంటే క్రమం ఉంది. ముందు బ్యాక్టీరియాను వేరు చేసి జన్యుపరంగా గుర్తించాలి. యాంటీబయోటిక్‌లకు లొంగని గుణాన్ని ఇతర జీవులకు బదిలీ చేసే ప్రమాదం లేదని నిర్ధారించాలి. కణాలపై, జంతువులపై, ఆ తరువాత మనుషులలో పరీక్షించాలి. భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం 2011లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఈ క్రమాన్నే నిర్దేశిస్తున్నాయి. ప్రోబయోటిక్ పేరుతో విక్రయించే ఆహారంలో రోజువారీ మోతాదుకు కనీసం 10 కోట్ల సజీవ సూక్ష్మజీవులుండాలని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2016 నిబంధనలు చెబుతున్నాయి.

ఇంటి కుండకు ఈ కొలతలు అందవు. రెండు ఇళ్ల బాసిలో ఒకే బ్యాక్టీరియా ఉండదు. ఒకే ఇంట్లో వేసవిలోనూ చలికాలంలోనూ ఒకే రీతిలో పులియదు. వాడిన నీరు, ధాన్యం, కుండ, ఉంచిన గంటలు అన్నీ ఫలితాన్ని మారుస్తాయి. ఈ వైవిధ్యమే పరిశోధకులకు గని వంటిది. వైద్యునికి మాత్రం అదే అడ్డంకి, ఎందుకంటే మోతాదు తెలియని దానిని మందుగా రాయడం సాధ్యం కాదు.

జాగ్రత్తలు అవసరమైన సందర్భాలు

సాధారణ ఆరోగ్యం గలవారికి శుభ్రమైన నీటితో చేసిన పులిసిన ఆహారం వల్ల ఇబ్బంది ఉండదు. కొన్ని సందర్భాలలో మాత్రం జాగ్రత్త తప్పనిసరి. 6 నెలల లోపు శిశువుకు తల్లిపాలు తప్ప మరేదీ పట్టరాదు. లాందా, సల్ఫీ వంటి మత్తు పానీయాలను పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు మందు పేరుతోనైనా ఇవ్వరాదు. పులిసిన ఆహారాలలో హిస్టమిన్ వంటి పదార్థాలు ఉంటాయి. కొందరిలో అవి దురదను పెంచవచ్చు. బూజు పట్టినా, రంగు మారినా, దుర్వాసన వచ్చినా ఆ ఆహారాన్ని పారబోయాలి.

రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారికి ప్రోబయోటిక్ మాత్రలు, పొడులు కూడా ప్రమాదరహితం కావు. తీవ్రమైన క్లోమశోథ రోగులపై నెదర్లాండ్స్‌లో జరిగి 2008లో ప్రచురితమైన పరీక్షలో ప్రోబయోటిక్ అందుకున్న వర్గంలోనే ఎక్కువ మరణాలు సంభవించాయి. నెలలు నిండకుండా పుట్టిన శిశువులకు ప్రోబయోటిక్‌లు ఇవ్వడంపై అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో వైద్యులను హెచ్చరించింది.

దురదకు ముందు రోగనిర్ధారణ

బస్తర్ వంటి ప్రాంతంలో దురదతో వచ్చిన ప్రతి పిల్లవాడికీ ఎగ్జిమా ఉన్నట్లు కాదు. గజ్జి సూక్ష్మమైన పురుగు వల్ల వస్తుంది. రాత్రివేళ దురద పెరగడం, వేళ్ల సందులలో పొక్కులు, ఇంట్లో ఒకరి తరువాత ఒకరికి రావడం దాని లక్షణాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది. దీనికి కుటుంబమంతటికీ ఒకేసారి చికిత్స చేయాలి. ఫంగస్ తామరకు వేరే మందులున్నాయి. దానిపై స్టెరాయిడ్ కలిసిన పూతలు రాస్తే పైకి తగ్గినట్లు కనిపించి లోలోపల వ్యాపిస్తుంది. దురద లేకుండా, స్పర్శ తెలియకుండా, రంగు తగ్గిన మచ్చ కనిపిస్తే కుష్ఠు వ్యాధి పరీక్ష చేయించాలి. ఆ వ్యాధి భారం ఇంకా మిగిలి ఉన్న రాష్ట్రాలలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. దానికి బహుళ ఔషధ చికిత్స ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా లభిస్తుంది. వీటిలో దేనినీ పులిసిన జావ నయం చేయదు.

నిర్ధారితమైన అటోపిక్ డెర్మటైటిస్‌కు చికిత్స మూల సూత్రం సరళమైనదే. గోరువెచ్చని నీటితో కొద్దిసేపు స్నానం చేయించి, గాఢమైన సబ్బులు మాని, ఒంటిపై తడి ఆరకముందే చర్మాన్ని మృదువుగా ఉంచే లేపనం రాయాలి. రోజూ క్రమం తప్పకుండా చేయవలసిన పని ఇది. వ్యాధి విజృంభించినప్పుడు వైద్యులు సూచించిన బలం గల స్టెరాయిడ్ పూతను, సూచించినన్ని రోజులే వాడాలి. చర్మంపై చీము, జ్వరం, వేగంగా వ్యాపించే పొక్కులు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. గోళ్లు పొట్టిగా కత్తిరించడం, మెత్తని నూలు దుస్తులు వేయడం ఇంట్లోనే తీసుకోగల జాగ్రత్తలు. వైద్యుని సలహా లేకుండా పాలు, గుడ్లు, పప్పులు మాన్పిస్తే పిల్లల ఎదుగుదల దెబ్బతింటుంది.

కుండపై హక్కు ఎవరిది

బస్తర్ ఆహారాల నుంచి రేపు ఒక విలువైన స్ట్రెయిన్ లభిస్తే దాని ప్రయోజనం ఎవరికి చెందాలన్నది మరొక ప్రశ్న. 2002 నాటి జీవవైవిధ్య చట్టం మొక్కలు, జంతువులతో పాటు సూక్ష్మజీవులను కూడా జీవ వనరులుగా గుర్తించింది. వాణిజ్య వినియోగానికి ముందు అనుమతులు, స్థానికులతో ప్రయోజనాల పంపిణీ దాని ఉద్దేశాలు. చట్టానికి 2023లో సవరణలు జరిగాయి. స్థానిక సంస్థల స్థాయిలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు, ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు ఉండాలని చట్టం చెబుతోంది. జన్యు వనరులు, సంప్రదాయ విజ్ఞానం ఆధారంగా పేటెంట్ కోరేవారు వాటి మూలాన్ని వెల్లడించాలన్న అంతర్జాతీయ ఒప్పందం 2024 మే నెలలో ప్రపంచ మేధో సంపత్తి సంస్థ ఆధ్వర్యంలో కుదిరింది.

ఇటువంటి పంపిణీకి దేశంలో పూర్వోదాహరణ ఉంది. కేరళలోని కాణి ఆదివాసీలు చూపిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి తయారైన ‘జీవని’ ఔషధం విషయంలో, 1990వ దశకంలో లైసెన్సు రుసుము, రాయల్టీలలో సగభాగం ఆ సమూహానికి ఇవ్వాలని నిర్ణయించారు. అమలులో ఒడుదొడుకులు ఎదురైనా, తెలిసినవారి వాటాను గుర్తించిన తొలి ప్రయత్నాలలో అది ఒకటిగా నిలిచింది. ఏ ధాన్యాన్ని ఎంతసేపు నానబెట్టాలో, ఏ కుండలో ఏ కాలంలో ఎలా పులుస్తుందో బస్తర్ మహిళలకు తెలుసు. కాబట్టి ఆహార నమూనాల సేకరణ మొదలయ్యే రోజునే గ్రామసభకు వివరించి, రిజిస్టరులో నమోదు చేయడం అవసరం.

అంతవరకు పాటించవలసిన నియమం తేలికైనది. మండియా పేజ్, బాసి, అంబలి, చద్దన్నం మంచి ఆహారాలు. వాటిని ఆహారంగానే కొనసాగించవచ్చు, పిల్లలకు అలవాటు చేయవచ్చు. చర్మంపై దురద, పగుళ్లు, మచ్చలు రెండు వారాలకు మించి ఉంటే మాత్రం కుండ వద్ద ఆగిపోకుండా సమీపంలోని ఆరోగ్య కేంద్రానికి వెళ్లాలి. వైద్యుడు రాసిన పూతను వాడుతూనే పేజ్ తాగడానికి అడ్డేమీ లేదు. పూతను మాని పేజ్‌పైనే ఆధారపడితే మాత్రం నష్టపోయేది పిల్లలే.